సంతకం పక్కన ప్రశ్నార్థకం

ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన కంప్యూటరులో ప్రభుత్వమే సంతకం చేసిన ధ్రువపత్రాన్ని తెరిస్తే, అధికారి సంతకం ఉన్న చోట పసుపుపచ్చని ప్రశ్నార్థకం పడుతుంది. అదే పత్రాన్ని ఎదురు దుకాణంలో, డబ్బు కట్టకుండా ఎక్కించుకున్న విండోస్‌లో తెరిస్తే ఆకుపచ్చని టిక్కు వెలుగుతుంది. ఈ తేడాను సరిదిద్దడం తమ పని అని ఏ శాఖా ఇంతవరకు ఒప్పుకోలేదు. ఆ తేడా మూలంగా బీర్పూరు మనిషి ఒకడు గల్ఫులోని ఆసుపత్రి మంచం దిగి ఇంటికి రావలసిన విమానం ఎక్కలేకపోయాడు. నింద మాత్రం కోరుట్లలో ఒక ఒంటరి స్త్రీ మీద పడింది.

ఆమె పేరు అడెపు సరోజన. పుట్టిల్లు కోరుట్ల, మెట్టినిల్లు సిరిసిల్ల. భర్త యాదగిరి ఒక ఆసామి దగ్గర సాంచెలు నడిపేవాడు. ఆ మరమగ్గాల చప్పుడు పక్కనే కూర్చుని ఆమె నూలు కండెలు చుట్టేది. నేసిన తానును మడత పెట్టే ముందు చూసుకునే పని కూడా ఆమెదే. ఎక్కడైనా పోగు తెగి కంత పడితే, సూదితో పక్క పోగులను దగ్గరికి లాగి, తడి వేలితో రుద్ది, కన్ను పట్టకుండా సర్దేది. కంత ఆసామి కంట పడితే కూలి కోస్తాడు. కనబడకపోతే గుడ్డ గుడ్డే. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు చిన్ననాటి నుంచి నేర్చుకునే విద్య అది.

సిరిసిల్లలో పని సన్నగిల్లినప్పుడు ఇద్దరూ మగ్గాల పనికి మహారాష్ట్రలోని భివండి వెళ్ళారు. అక్కడి నుంచి యాదగిరి దగ్గు తెచ్చుకున్నాడు తప్ప మరేమీ తెచ్చుకోలేదు. తిరిగివచ్చేసరికి నూలు ధర పెరిగి, గుడ్డ ధర పడిపోయి, సాంచెలు ఇనుప తుక్కు కింద బండ్లకెక్కుతున్నాయి. ఆ రోజుల్లో సిరిసిల్లలో ఏ వాడకు వెళ్ళినా ఒక ఇంట్లో ఏడుపు వినిపించేది. ఒక ఉదయం అది సరోజన ఇల్లయింది.

ఆ తర్వాత వచ్చింది పథకం. ప్రాణాలు తీసుకున్న నేతగాళ్ళ భార్యలకు శిక్షణ ఇచ్చి, తలా ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు పంచారు. "లబ్ధిదారు ఇతరులపై ఆధారపడకుండా జీవనోపాధి పొందుటకు" అని ఆ ఉత్తర్వులో మొదటి పేరాలోనే ఉన్నది. చివరి పేరాలో ఒక షరతు కూడా ఉన్నది: యంత్రంలో లినక్స్ మాత్రమే ఉండాలి, అనుమతి లేని సాఫ్ట్‌వేరు కనిపిస్తే యంత్రం వాపసు తీసుకుంటారు. షరతు న్యాయమైనదే. దొంగ సరుకు వద్దని ప్రభుత్వం చెప్పడంలో తప్పేమున్నది? అయితే ఆ ఉత్తర్వు రాసిన చేతికి, ప్రభుత్వ పత్రాలను తయారుచేసే చేతికి పరిచయం లేదు.

సరోజన ఆ కంప్యూటరును కోరుట్లకు, పుట్టింటివారు ఇచ్చిన గదిలోకి తెచ్చుకుని, బస్‌స్టాండు దారిలో లైసెన్సు తీసుకుని చిన్న ఆన్‌లైన్ సెంటరు పెట్టుకున్నది. గల్ఫు కుటుంబాల ఊరు కాబట్టి పనికి కొదువ లేదు. పాసుపోర్టు అర్జీలు, వీసా కాగితాలు, ఆగిపోయిన జీతాల ఫిర్యాదులు అన్నీ ఆమె బల్ల మీదికే వచ్చేవి. యంత్రమూ చెడ్డది కాదు. ఊరందరి పెన్‌డ్రైవుల్లో తిరిగే వైరసు దాని జోలికి రాలేదు. పాతబడినా నెమ్మదిగానైనా నడిచేది. కాని ఏ పనీ మొదటిసారి కాదు. ప్రింటరు తీగ ఊడదీసి మళ్ళీ పెడితే గాని కదలదు. వేలిముద్ర పరికరం దానికి కంటగింపు. పక్క దుకాణాల్లో తెలుగులో టైపు చేసి తెచ్చిన అర్జీని తెరిస్తే పిచ్చిగీతలు కనబడతాయి. మొత్తం మళ్ళీ కొట్టవలసిందే. అప్‌డేటు అడిగితే భయం, ఎందుకంటే ఒకసారి అది చేసిన తర్వాత తెర నల్లబడి, జగిత్యాల నుంచి మెకానిక్కును పిలిస్తే అతను పెట్టె మీద లినక్స్ గుర్తయిన పెంగ్విన్ బొమ్మ చూసి సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఎదురు దుకాణం మధుకర్‌ది. అతనికి ఆ పెంగ్విన్ బొమ్మ రోజూ పండగే.

"సరోజనక్కా, నీ నల్లకోడి ఇయ్యాల కూసిందా?"

"కూసింది గని గుడ్డు పెడ్తలేదు. ప్రింటరు మళ్ళ మొండికేసింది."

"గందుకే చెప్తున్న. కోడిని కూరొండుకో. నా తాన విండోస్ ఉన్నది, నువ్వు చాయ్ తాగేలోపు ఎక్కిస్త."

"దానికి పైసల్ గట్టినవా నువ్వు?"

"కోరుట్లల ఎవ్వడు గట్టిండక్కా?"

"అయితె నాకద్దు. సర్కారోల్లు తనిఖీకచ్చి మిషన్ గుంజుకపోతె, నీ ఇంటికచ్చి తినాల్నా నేను?"

"రా, కోడికూరనే పెడ్త," అని అతను నవ్వేవాడు. ఆమె కూడా నవ్వి తీగ ఊడదీసి మళ్ళీ పెట్టేది.

అటువంటి ఒకరోజు మధ్యాహ్నం సమ్మవ్వ వచ్చింది. ఆమెది బీర్పూరు, అన్న ఇల్లు కోరుట్ల. భర్త లస్మయ్య కల్లుగీత మనిషి. కరువులకు తాటిచెట్లు ఎండి గీత సాగక, ముదిరిన వయసులో గల్ఫుకు కూలికి వెళ్ళాడు. అక్కడ పని మీద ఉండగానే కుడిపక్క పడిపోయింది. ఆసుపత్రిలో ఒక మలయాళీ నర్సు సెలవు మీద ఇంటికి వెళ్తున్నది, ఆమె తోడుంటే రోగిని అదే విమానంలో పంపడానికి ఆసుపత్రి ఒప్పుకున్నది. పంపమని అడిగేది ఇంటివాళ్ళే అని తేలడానికి కావలసింది ఒక్కటే: సమ్మవ్వ అతని భార్య అని తెలిపే ధ్రువపత్రం. దాన్ని హైదరాబాదులోని వలసకార్మికుల సహాయ కార్యాలయానికి పంపితే వాళ్ళు అక్కడికి చేరుస్తారు. గల్ఫులో లస్మయ్యతో పాటు ఒకే గదిలో అద్దెకుండే రాములు ఫోన్లో ఒకటే మాట చెప్పాడు.

"అక్కా, కాయితం ఇయ్యాల పొద్దుమూకేలోపు రావాలె. లేకుంటె నర్సమ్మ పోతది, బావ ఈడనే ఉంటడు. ఒంటిగ విమానం ఎక్కనియ్యరట."

జగిత్యాల అధికారి పత్రాన్ని అప్పటికే మంజూరు చేశాడు. సరోజన దాన్ని దించుకుని, తీగ ఊడదీసి పెట్టి, ప్రింటు తీసి సమ్మవ్వ చేతికిచ్చింది. సమ్మవ్వ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, అడుగున వేలు పెట్టింది.

"చెల్లె, గీడ గీ కొక్కెం ఏంది?"

"ఏం లేదక్కా. నా కంప్యూటరుకు గా సంతకం గుర్తువడ్తలేదు. గందుకే ప్రశ్నార్థకం ఏస్తది."

"నాకు సదువు రాదు గని గిది ఎరికే. మా పొల్ల లెక్క తప్పు జేస్తె సారు గిట్లనే గీస్తుండె. అంటె నా మీద అనుమానం అన్నట్టె గద?"

"నీ మీద గాదక్కా, మిషన్ మీద."

"మిషన్ మీదైతె నా కాయితం మీద ఎందుకేసిండ్రు? లస్మయ్య పెండ్లాం సమ్మవ్వ, అవునా కాదా అని అడిగినట్టున్నది. లగ్గంల తలంబ్రాలు పోసినప్పుడు లేని అనుమానం ఇప్పుడు పుట్టిందా సార్లకు? గాయిన చెట్టెక్కి దిగేదాక కింద నిలవడ్డది ఎవరు, వీళ్ళ అవ్వనా?"

సరోజనకు నవ్వు వచ్చింది. సమ్మవ్వ కళ్ళలో నీళ్ళు చూసి ఆగిపోయింది.

"గా దేశపు సారు గీ కొక్కెం సూసి, గీమె పెండ్లాం గాదట అంటె ఎట్ల చెల్లె? తీసెయ్యి. నీ కాళ్ళు మొక్కుత."

"కాళ్ళు గీళ్ళు మొక్కకక్కా, కూసో."

ఇక్కడ చెప్పవలసిన మాట ఒకటున్నది. అంతకుముందు ఇటువంటి పత్రాలను సరోజన ఫైలుగానే పంపేది. అందుకున్నవాళ్ళు తమ కంప్యూటర్లలో తెరుచుకునేవారు, అక్కడ టిక్కు పడేది, పని జరిగేది. గుర్తు తన తెర మీది లోపమే తప్ప పత్రంలోది కాదని ఆమెకు తెలుసు. కాని ప్రతి పనినీ నాలుగుసార్లు చేయించిన ఆ యంత్రం, తెలిసినదాన్ని తెలిసినట్టు నమ్మే ధైర్యాన్ని ఆమెలో మిగల్చలేదు. ఏమో, ఈసారి నిజంగానే ఏదైనా తేడా ఉన్నదేమో. ఎదురు దుకాణంలో తెరిపించి చూద్దామన్న ఆలోచన ఆ తొందరలో తట్టలేదు. ఎదురుగా ఒక మనిషి ఏడుస్తున్నది. పొద్దు వాలుతున్నది. కాగితం మీద కంత ఉన్నది. సిరిసిల్ల చేతులకు కంత కనబడితే ఏం చేయాలో ఒకరు చెప్పనక్కరలేదు.

ఆమె తెల్లకాగితాన్ని గోరంత ముక్క కత్తిరించి, అంచులు వేలితో పలచబరచి, ప్రశ్నార్థకం మీద అతికించింది. జిరాక్సు తీసింది. జిరాక్సును స్కాను చేసింది. సంతకం చేసిన అధికారి పేరు, తేదీ, ముద్ర అన్నీ ఉన్నాయి, కొక్కెం లేదు. సమ్మవ్వ చూసి, "గిప్పుడు నిమ్మలమైంది," అన్నది. ఇద్దరూ కలిసి దాన్ని హైదరాబాదుకు పంపారు. గడువులోపలే వెళ్ళింది.

సమ్మవ్వ ఇంకా బెంచీ మీద ఉండగానే హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది.

"సంతకం దగ్గర సన్నగా గీత కనబడుతోంది. అక్కడ ఏదో అతికించి జిరాక్సు తీశారు కదా?"

"అవును సార్. నా కంప్యూటరుల ప్రశ్నార్థకం అస్తది. గా గుర్తునే కప్పిన, సంతకాన్ని ముట్టలె."

"గుర్తైనా సంతకమైనా పత్రాన్ని మార్చడమే కదమ్మా."

"అసలు ఫైలు ఉన్నది సార్, గిప్పుడే పంపుత. మీ తాన తెరువుండ్రి, టిక్కు అస్తది."

"పంపండి. కాని ఇప్పటికే అనుమానాస్పదం అని రిమార్కు పడింది. విచారణకు జగిత్యాలకు వెళ్ళింది. అక్కడి రిపోర్టు వస్తేనే మేం ముందుకు పంపగలం."

ఆమె అసలు ఫైలు పంపింది. ఆ తర్వాత రోడ్డు దాటి మధుకర్ దుకాణంలో అదే ఫైలు తెరిపించింది. ఆకుపచ్చని టిక్కు పడింది. నర్సు ప్రయాణం ఎవరి రిపోర్టు కోసమూ ఆగలేదు.

మరునాడు ఇద్దరు స్త్రీలూ బస్సెక్కి జగిత్యాల వెళ్ళారు. పత్రం మంజూరు చేసిన కార్యాలయంలో గుమాస్తా తన కంప్యూటరులో దాన్ని తెరిచాడు.

"సంతకం మాదే. టిక్కు గూడ అచ్చింది. ఇంకేంది?"

"గదే రాసియ్యుండ్రి సార్," అన్నది సరోజన.

"మేం రాస్తం. గని అనుమానాస్పదం అన్నది హైదరాబాదోల్లు. గది వాళ్ళే కొట్టెయ్యాలె."

"వాళ్ళు మీ రిపోర్టు కావాలంటున్నరు."

"రిపోర్టు ఇయ్యాలంటె, నువ్వు కాయితం మార్చిన అని రాసియ్యాలె. రాసిస్తె నీ సెంటరు మీద కేసయితది. ఆలోచించుకో."

"నాకు గా కంప్యూటరు సర్కారే ఇచ్చింది గద సార్? దాంట్ల మీ సంతకం మీకే గుర్తువడకుంటె నేనేం జెయ్యాలె?"

"గది మేమిచ్చింది గాదు. వేరే శాఖ."

వేరే శాఖకు కూడా ఆమె సమ్మవ్వను వెంటబెట్టుకుని వెళ్ళింది. సిరిసిల్లలో, కంప్యూటర్లు పంచిన కార్యాలయంలో, పథకం ముగిసిందని చెప్పారు. యంత్రం పనిచేస్తున్నదా లేదా అని మాత్రమే తాము చూస్తామని, పత్రాల సంగతి తమకు సంబంధం లేదని చెప్పారు. యంత్రం పనిచేస్తున్నదని ఆమె ఒప్పుకోక తప్పలేదు. అది నిజమే కదా.

సిరిసిల్ల నుంచి తిరుగు బస్సులో సమ్మవ్వ అన్నది:

"నేనే తీసెయ్యుమన్న. నా పేరు రాసుకోమను చెల్లె, కేసు నా మీద పెట్టుమను."

"నీకు పెన్ను పట్టరాదు, నీ మీద ఏం కేసు పెడ్తరక్కా," అన్నది సరోజన. తర్వాత మెల్లగా, "రాసిస్త అక్కా. నేనే అతికిచ్చిన అని రాసిస్త. సెంటరు పోతె కండెలు చుట్టుకుంట," అన్నది.

రాసిచ్చింది. ఎందుకు అతికించవలసి వచ్చిందో, ఏ పథకం కింద ఆ యంత్రం వచ్చిందో, అసలు ఫైలులో సంతకం చెక్కుచెదరకుండా ఎట్లా ఉన్నదో అన్నీ వివరంగా, తప్పును తప్పుగా ఒప్పుకుంటూ రాసిచ్చింది. దాని మీద స్వీకృతి ముద్ర పడింది. సెంటరు లైసెన్సు నిలిపివేస్తున్నట్టు తాఖీదు చాలా చురుకుగా వచ్చింది. రిపోర్టు మాత్రం జగిత్యాల గడప దాటలేదు. లస్మయ్య ఇప్పటికీ ఆ ఆసుపత్రిలోనే ఉన్నాడు. రాములు వీడియో కాల్ చేసినప్పుడు అతనికి మాట రాదు. ఎడమచేతిని పైకెత్తి, కాగితం వచ్చిందా అన్నట్టు వేళ్ళు ఆడిస్తాడు. సమ్మవ్వ ప్రతిసారీ "అస్తున్నది, అస్తున్నది" అంటుంది.

అయ్యా, ఇది మీకు. యంత్రం ఇచ్చినవారికి, సంతకం చేసినవారికి, అనుమానం రాసినవారికి, ముగ్గురికీ. సరోజన చేసింది పొరపాటే. ఆమె ఒప్పుకుని రాతపూర్వకంగా ఇచ్చింది. మీరు ఏది ఒప్పుకుంటారు? మీరు పంచిన కంప్యూటర్లలో ఒకదాని ముందు ముగ్గురూ కూర్చుని, మీరు జారీచేసిన పత్రాన్ని మీ చేతులతో తెరిచి చూడండి. ఆ యంత్రంలో మీ సంతకం చెల్లే ఏర్పాటు చేయండి. సరోజన లైసెన్సును తిరిగి ఇవ్వండి. అన్నిటికంటే ముందు, సమ్మవ్వ ఫైలు మీది "అనుమానాస్పదం" అన్న మాటను కొట్టివేసి, కొట్టివేసినవారి పేరు, హోదా కింద రాసి, ఆ రిపోర్టును పంపండి. నడవలేని మనిషికి తోడుగా ఒకరిని ఏర్పాటు చేసి, లస్మయ్యను బీర్పూరుకు చేర్చండి.