ఒకే మూలలో రెండు ట్యాంకులు

మణికొండలో మా అపార్ట్‌మెంటువాళ్లందరూ సెలవు రోజున సినిమాకు పోతారు. నేను పాత వీడియో గేముల ప్రోగ్రాములను మళ్లీ రాస్తుంటాను. ఒకే ఆటను ఫోనుకు, ల్యాప్‌టాప్‌కు, టీవీకి, ఎవరికీ అక్కర్లేని ఒక ముసలి డెస్క్‌టాప్‌కు కూడా విడివిడిగా రాస్తాను.

"ఆఫీసుల సాలదా, ఇంట్ల గూడ గిదే పనా?" అంటుంది మా ఆవిడ.

ఈసారి మాత్రం కారణముంది. మా ఆవిడకూ వాళ్లక్కకూ మాటల్లేవు. మా కొత్త ఇంటి ప్రార్థన రోజు మా ఆవిడ వండిన బిర్యానీలో ఉప్పు తగ్గిందన్నారు వదిన. నిజంగానే తగ్గింది, కానీ ఆ మాట ఒప్పుకునే ధైర్యం నాకు ఈనాటికీ లేదు. అప్పట్నుంచి చర్చిలో కూడా చెరో మూల కూర్చుంటున్నారు. మా ఆవిడ వంటింట్లో ఒంటరిగా ఏడవడం రెండుసార్లు చూశాను.

చిన్నప్పుడు ఇద్దరూ టీవీకి తగిలించే గేము డబ్బాలో ట్యాంకుల ఆట ఆడేవాళ్లని మా అత్తగారు చెప్పారు. ఆ ఆట తయారుచేసి, వదినను భోజనానికి పిలుద్దామనుకున్నాను. పాత డబ్బా ఒకటి సంపాదించి ఆడి చూస్తే అందులో ఒక తప్పు దొరికింది. ఇటుక గోడ మూలకు వెళితే ఆడేవాళ్లిద్దరి ట్యాంకులూ ఒకదానిలో ఒకటి దూరిపోతాయి. ఇక శత్రువు గుండ్లు తగలవు. ఆఫీసులో ఎవరైనా నా తప్పు చూపిస్తే "అది అలాగే ఉండాలండీ" అని వాదించే మనిషిని, ఇక్కడ ఎవరూ అడక్కుండానే నా ఆటలో దాన్ని శ్రద్ధగా సరిచేశాను.

ముందుగా మా ఆవిడతో ఆడించాను. నేరుగా ఆ మూలకు పోయి "నువ్వు గూడ రా" అంది. నా ట్యాంకు ఆమె ట్యాంకుకు గుద్దుకుని ఆగింది, వెంటనే శత్రువు గుండు తగిలి పేలింది.

"ఏందిది? ఇద్దరం పట్టాలె గదా!"

"అది తప్పు. నేను సరిచేశాను."

"నిన్నెవరు జెయ్యమన్నరు? భయమైతే గాడనే దాక్కునేటోళ్లం. అక్క ముందుగాల నన్ను తోలి, ఎన్క తను వచ్చేది."

ఆమె కళ్లు చెమర్చాయి. నా తెలివితేటల మీద నాకే అసహ్యం వేసింది.

తప్పును దిద్దడం తేలిక. అదే తప్పును కావాలని, అచ్చంగా అలాగే చేయడం నరకం. ఫోనులో ట్యాంకులు గోడ దాటి ఆకాశంలోకి పోయాయి. టీవీలో రెండూ మాయమయ్యాయి. తంటాలుపడి చివరికి కుదిర్చాను.

ఆదివారం వదిన నా మొహం చూసి వచ్చారు. భోజనమంతా నాతోనే మాట్లాడారు. తర్వాత అక్కాచెల్లెళ్లు సోఫాకు చెరో కొసన కూర్చుని ఆట మొదలుపెట్టారు. శత్రువులు చుట్టుముట్టారు. వదిన ట్యాంకు అడ్డంగా నిలబడి, చెల్లెలి ట్యాంకు మూలకు చేరేదాకా కాల్పుల నుంచి కాచింది. ఆ తర్వాతే తనూ లోపలికి వచ్చింది.

"జర జరుగు," అన్నారు వదిన, తెర మీంచి చూపు తిప్పకుండానే.

ఆటలో జరగాల్సిన అవసరమే లేదు. మా ఆవిడ మాత్రం సోఫాలో అక్క పక్కకు జరిగింది.