మల్లేశం జేబులో అయస్కాంతం

జల్లాఖ్ దాకా వెళ్ళి సముద్రం చూడకుండా వచ్చినదాన్ని బహుశా నేనొక్కదాన్నే.

గల్ఫ్‌లో నేను వచ్చిన సదస్సు గురువారంతో ముగిసింది. శుక్రవారం పొద్దున తొమ్మిదింపావుకి మనామాలో జల్లాఖ్ బీచికి బస్సెక్కాను, టికెట్టు మూడు వందల ఫిల్సులు. మెదడులోకి సన్నటి తీగలు దింపి, కొద్దిపాటి కరెంటు పంపి, చేతుల వణుకు ఆపే యంత్రాలుంటాయి. ఆ కరెంటు మెదడుకు హాని చేయకుండా సర్క్యూట్లు గీయడం హైదరాబాదులో నా ఉద్యోగం. లోపలికి ఎంత పంపామో అంతా వెనక్కి లాగాలి. ఏళ్ళ తరబడి ఇదే నా జపం.

ఫోనులో నా తెలుగు మాటలు విని పక్క సీటాయన పలకరించాడు. పేరు మల్లేశం, జగిత్యాల వైపు. మామీర్ ఫ్యాక్టరీల్లో వెల్డరు. జల్లాఖ్‌లో ఒక రిసార్టు గేటు అతకడానికి ఓవర్‌టైం మీద వెళ్తున్నాడు. నా పనేమిటో చెప్పగానే చొక్కా పై గుండీ విప్పాడు. ఎడమవైపు మెడ ఎముక కింద అగ్గిపెట్టంత ఉబ్బు. మెదడు తీగలకు కరెంటు పంపే పెట్టె, అలాంటివే నేను గీసేది.

"రెండేండ్లాయె మేడం, హైదరాబాదుల పెట్టిన్రు. ఈ నడుమ డ్యూటీల ఉన్నట్టుండి బంద్ అయితుంది, చెయ్యి వణుకుతుంది. రిమోట్‌తోని మళ్ల చాలు జేసుకుంట. ఖరాబైనట్టుంది. వీసా ఇచ్చిన కఫీల్‌కు తెలిస్తే ఖలాస్, ఇంటికి తోల్తడు."

"వెల్డింగు చేయకూడదని డాక్టరు చెప్పలేదా అన్నా?"

"మేస్త్రీ పని అని చెప్పిన."

కళ్ళజోడు కోసం చొక్కా ఎడమ జేబులో చెయ్యి పెట్టాడు. దాంతోపాటు ఏదో నల్లటి బిళ్ళ జారి, సీటు కడ్డీకి టక్కున అతుక్కుంది. ఇనప ముక్కలు కదలకుండా నిలబెట్టే అయస్కాంతం. దాన్ని పీకి మళ్ళీ జేబులో వేసుకున్నాడు. కాసేపటికి కుడిచెయ్యి వణకసాగింది.

యంత్రం ఖరాబు కాలేదు, జేబులో అయస్కాంతమే దాన్ని ఆపుతోంది. అవసరమైతే పైన అయస్కాంతం పెట్టి ఆపేలా అలాంటి యంత్రాలకు మీట గీసినదాన్ని నేను. గుండె మీద అయస్కాంతం పెట్టుకుని ఎవడు తిరుగుతాడని నవ్వుకున్నాం కూడా.

సంగతి చెప్పాను. మల్లేశం మొహం విప్పారింది, బిళ్ళను తీసి సంచిలో పడేశాడు. "అసలు వెల్డింగే మానెయ్యాలన్నా. ఆ కరెంటు తీగల్లోకి పాకితే మెదడు కాలొచ్చు" అన్నాను.

"వెల్డింగ్ కోసమే గద మేడం, ఇది పెట్టిచ్చుకున్నది."

రిసార్టు గేటు దగ్గర మానెయ్యమని అరగంట బతిమాలాను. ఆయన వెల్డింగు మాస్కు మొహం మీదికి దించుకున్నాడు. నేను నా నంబరిచ్చి తిరుగు బస్సెక్కేశాను.

మర్నాడు విమానంలో కూర్చోగానే ఆయన ఫోను. "నీ పుణ్యమా అని ఇయ్యాల ఒక్కసారి గూడ బంద్ కాలె మేడం. పొద్దుగాల్నించి వెల్డింగే."

జల్లాఖ్ సముద్రం బాగుంటుందట, వెళ్ళేవాళ్ళు చూడండి. నేను మాత్రం ఫోన్లు ఆపమనేలోగా "వెల్డింగు ఆపెయ్ అన్నా" అని మెసేజి పెట్టాను. అది వెళ్ళిందో లేదో చూసేలోపే విమానం లేచింది.