ట్రంకుపెట్టెలో అత్త కాగితం

మా ఇంటి తాళంచెవుల గుత్తి మేనత్త చేతికి వచ్చేది మూర్ఛ వచ్చినప్పుడు మాత్రమే. ఆమె పడిపోగానే ఎవరో ఒకరు "ఇనుము, ఇనుము" అని అరిచేవాళ్ళు. నాయిన తన మొలకున్న గుత్తి తీసి ఆమె పిడికిట్లో పెట్టేవాడు. తెలివి రాగానే మళ్ళీ తీసేసుకునేవాడు. అప్పటికి అత్తకు ముప్పై నాలుగేళ్ళు. ఆమెను పొయ్యి దగ్గరికి, బావి దగ్గరికి రానిచ్చేవారు కాదు. తోడు లేకుండా గడప దాటనిచ్చేవారు కాదు. పెళ్ళి మాట ఎత్తితే నాయినది ఒకటే జవాబు: "అదాలతు ఒప్పుకోదు."

అది నిజమనే అందరం నమ్మాం. తాత పోయేముందు నర్సింహులపేట దగ్గర కొంత భూమి అత్త పేర రాశాడు. మూర్ఛరోగి భూమిని ఎట్లా చూసుకుంటుందని అదాలతు నాయినను ఆమెకు వలీగా, అంటే సంరక్షకుడిగా, పెట్టింది. ఆ కాగితం ఉర్దూలో ఉంది. నాయినకు ఉర్దూ రాదు. ఆ రోజు అదాలతు మున్షీ నోటితో చెప్పిందే మా ఇంట్లో చట్టమైంది. కాగితం ట్రంకుపెట్టెలో ఉండేది. అత్త రోజూ ఆ పెట్టె మీదే కూర్చుని బియ్యం ఏరేది.

తర్వాత ఊళ్ళలో కమ్యూనిస్టుల సంఘం లేచింది. రజాకార్ల భయానికి మేము జనగామకు వచ్చి చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాం. ఊళ్ళో అత్త భూమిని సంఘం వాళ్ళు దున్నేవాళ్ళకు పంచేశారు.

"నా భూమిని తీస్కపోయిండ్రు గని నన్నెవ్వలు తీస్కపోలేదే," అని అత్త నవ్వేది. "భూమి పాయె, వలీ మిగిలె."

తీసుకుపోతానన్న మనిషి ఒకడు వచ్చాడు. మానుకోటలో మిర్చి దుకాణం గుమాస్తా, మా కులమే, భార్య పోయినవాడు. సరుకు పనిమీద జనగామ వస్తుండేవాడు. ఒకసారి కొట్టు ముందు అత్త పడిపోయింది. అందరూ గుత్తి కోసం నాయినను వెతుకుతుంటే ఆయన తన కండువా మడిచి ఆమె తల కింద పెట్టాడు. తెలివి వచ్చేదాకా మట్టిలో పక్కనే కూర్చున్నాడు. కొన్ని నెలల తర్వాత పెళ్ళి అడిగాడు. నాయిన అదే జవాబు చెప్పాడు.

"ఎల్లుండి పొద్దుగాల బండికి పోత. ఇగ మల్ల రాను," అని ఆయన మర్యాదగానే చెప్పి సత్రానికి వెళ్ళిపోయాడు. ఆ పూట అత్త అన్నం ముందు నుంచి లేచిపోయింది.

నా సంగతి ఇక్కడ చెప్పాలి. పక్కింటి ముస్లిం ఖాలా దగ్గర నేను ఉర్దూ నేర్చుకున్నాను. చదివే పిల్లకు సంబంధాలు రావని అమ్మ అనేది కాబట్టి ఎవరికీ చెప్పలేదు. పొట్లాలు కట్టడానికి తూకానికి కొన్న పాత ఉర్దూ పత్రికలను సామానుగదిలో కూర్చుని చదివేదాన్ని. నచ్చిన మాటలు డైరీలో రాసుకునేదాన్ని. ఆ సాయంత్రం పెదవులు కదుపుతూ చదువుతుంటే అత్త చూసింది.

"ఏందే గది? బొమ్మలు సూస్తున్నవా?"

కాగితం వెనక్కి దాచాను.

"ఉర్దూ సదువొస్తదా నీకు?"

తల ఊపాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అత్త వాకిట్లో పడిపోయింది. నాయిన పరుగున వచ్చి గుత్తి పిడికిట్లో పెట్టాడు. కొట్టులో బేరాలున్నాయని నన్ను కాపలా ఉంచి వెళ్ళాడు. ఆయన చెప్పుల చప్పుడు ఆగగానే అత్త కళ్ళు తెరిచింది. లేచి కూర్చుని చీర దులుపుకుంది.

నేను వెనక్కి జరిగాను.

"ఏం సూస్తున్నవే? నడువు, జల్ది."

"అత్తా, నీకు మూర్ఛ..."

"దానంతటదే వొచ్చేదాన్ని ఒక్కసారి నేను పిలిచిన. తప్పా?"

ట్రంకుపెట్టె తాళంచెవి ఏదో ఆమె వెతకలేదు. ఇన్నేళ్ళు పిడికిట్లో పట్టుకున్నవే కదా.

కాగితం రెండు పేజీలు. భూమి హద్దులు, శిస్తు, పంట రాబడితో ఆమెకు తిండీ బట్టా. షాదీ అన్న మాట కోసం వెతికాను. లేదు. మొదటి నుంచి మళ్ళీ చదివాను. లేదు. వలీ అధికారం భూమి వరకేనని చివర్లో స్పష్టంగా రాసి ఉంది.

"ఏమున్నదే?"

"నీ లగ్గం ముచ్చటే లేదత్తా. వలీ భూమికే. నీకు కాదు."

అత్త గోడకు చేయి ఆనించింది. ఈసారి నిజంగానే పడిపోతుందేమోనని భయపడ్డాను. అప్పుడే గుత్తి కోసం నాయిన లోపలికి వచ్చాడు. తెరిచిన పెట్టెను చూసి గుమ్మంలో ఆగిపోయాడు.

"సదువు బిడ్డా, మీ నాయిన ముంగట," అంది అత్త.

నాయిన ముందు నేనెన్నడూ నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. చదివి, తెలుగులో చెప్పాను. నాకు ఉర్దూ ఎట్లా వచ్చిందని కూడా ఆయన అడగలేదు.

"మున్షీ సాబు గట్లనే చెప్పిండు," అన్నాడు. "లగ్గానికి గూడ అదాలతు ఇజాజత్ గావాలెనన్నడు. నేను సొంతంగ కల్పించలే చెల్లె. ఒట్టు."

ఆ ముఖంలో అబద్ధం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"పన్నెండేండ్లల్ల ఒక్కసారన్న ఎవలతోనన్న సదివియ్యకపోతివా అన్న?"

"బాయి కాడ పడితే? పొయ్యిల పడితే? ఆడ నిన్నెవలు సూస్తరు?"

"ఈడ పడ్డప్పుడు మీరు తాళాలు పెడితిరి. ఆయన కండువా పెట్టిండు."

నాయిన గుత్తి తిరిగి అడగలేదు. కొట్టు తెరిచి ఉండగానే సత్రం వైపు నడిచాడు.

సాయంత్రం అత్త మానుకోట ప్రయాణానికి బట్టలు సర్దుకుంటుంటే నేను మడతలు పెట్టి ఇస్తున్నాను.

"ఎన్నేండ్లాయెనే, నువ్వు గా సదువు నేర్సుకోని?"

"ఆరు."

చీర మీద ఆమె చేయి ఆగిపోయింది. కోపం లేదు. నేను చెప్పింది తనకు సరిగ్గా అర్థమైందో లేదో చూసుకుంటున్నట్టు నా వైపు చూసింది.

"ఆరేండ్లు నేను గీ పెట్టె మీదనే కూసుంటి గదనే," అంది.

ఉప్పు కట్టిన కాగితం, చింతపండు కట్టిన కాగితం, అన్నీ చదివానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.