ఒకటే చేతిరాత

మతం, నీతి గురించి విద్యార్థులు ఇంటింటికీ తిరిగి నింపుకొచ్చే సర్వే కాగితాలను ప్రొఫెసరమ్మ వెంటనే చదవదు, ముందు తడిమి చూస్తుంది. జనం చేతుల్లో నలిగిన కాగితానికి మడతలుంటాయి. హాస్టల్ గదిలో కూర్చుని నింపింది ఇస్త్రీ చొక్కాలా ఉంటుంది. ఆ రోజు ఓ విద్యార్థిని తెచ్చిన నలభై కాగితాలూ నలిగే ఉన్నాయి గానీ, చేతిరాత మాత్రం ఒకటే.

"అన్నీ నువ్వే రాసేశావు కదూ?"

"వాళ్ళకి రాయడం రాదు మేడమ్. వాళ్ళు చెప్తుంటే నేను రాశాను."

ప్రొఫెసరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని, మొదటి కాగితం మీదున్న నంబరుకు ఫోన్ చేసింది. ఓ ముసలావిడ ఎత్తింది.

"మా కాలేజీ అమ్మాయి వచ్చి దేవుడి గురించి అడిగితే ఏం చెప్పారమ్మా?"

"ఎవరికీ చెప్పనని ఆ పిల్ల మాటిచ్చాకే నోరు విప్పాను. ఇంతకీ నువ్వెవరు?"

అలా మాటివ్వాలని మొదటి క్లాసులో నేర్పింది తనే. ప్రొఫెసరమ్మ పేరు చెప్పకుండానే ఫోన్ పెట్టేసి, రెండో కాగితం మీది నంబరు చూసింది.