ముప్పై ఒకటి ఆటలో ఆరున్నొక్కటి

ఇందులో ప్రతి అక్షరం నిజం. మా ఇంటి దేవుడి మీద, నా రెండు కళ్ల మీద, అప్పటికీ నమ్మకపోతే మా ఆవిడ మీద కూడా ఒట్టేసి చెబుతున్నాను (ఆవిడ మీద ఒట్టేసి అబద్ధమాడే ధైర్యం నాకు లేదని మా వీధంతా ఎరుగును). ఆ రోజుల్లో లెక్కంటే ఫోను తీసి వేలితో పొడిచేది కాదు, నోట్లో పుట్టి నోట్లోనే తేలిపోయేది. వరంగల్ బజార్లో మా పెద్దనాయనకు పప్పుల దుకాణం ఉండేది. మానికతో కందిపప్పు కొలుస్తూ, రాజకీయాలు మాట్లాడుతూ, మధ్యలో తుమ్ముతూ కూడా ఆయన లెక్క తప్పేవాడు కాదు. కొలత మొదలుపెడితే 'ఒకటి' అనడు, 'లాభం' అంటాడు. ఆరు దాటితే 'ఆరున్నొక్కటి' అంటాడు. దుకాణంలో ఏడు అన్నామంటే ఏడుపును పేరు పెట్టి పిలిచినట్టేనని ఆయన గట్టి నమ్మకం. మా ఇంట్లో వారానికి కూడా ఆరున్నొక్క రోజులే ఉండేవి.

నేను పదో తరగతి గట్టెక్కి, హనుమకొండలో ఇంటర్ చేరి లెక్కలు చదువుతానన్నాను. మా బాపు అన్నగారి మాట దాటడు కాబట్టి తీర్పు పెద్దనాయన చేతికి వెళ్లింది. "లెక్కలు నేర్వనీకి కాలేజెందుకురా? నా పక్కన కూసో, రెండేండ్లల్ల అన్నీ అవే వస్తయ్" అన్నాడు. నేను మూడు రోజులు అలిగాను. అలక ఆయనకు వినబడలేదు గానీ, మా పెద్దమ్మ మాత్రం "పిలగాడు తింటలేడు" అని చెవిలో పోరు పెట్టింది. చివరికి ఆయన దిగివచ్చాడు. "సరే, ముప్పై ఒకటి ఆటల నన్ను గెలువు. గెలిస్తే హన్మకొండ పో. ఓడితే తెల్లారి నుంచి దుకాన్ల కూసోవాలె. మల్ల కాలేజి పేరెత్తద్దు. ఆదివారం దాకా టైమిస్తున్న."

ఆట చిన్నదే. ఒకరు ఒకటి నుంచి మొదలుపెట్టి వరసగా ఒక అంకె గానీ, రెండు గానీ, మూడు గానీ చెప్పాలి. అక్కడి నుంచి రెండోవారు అందుకోవాలి. ముప్పై ఒకటి ఎవరి నోటి నుంచి వస్తే వారిది గెలుపు. ఈ ఆటలో పెద్దనాయనను ఓడించినవాడు బజార్లో లేడు. పైగా ఎప్పుడూ ఆయనే మొదలుపెట్టేవాడు. "పెద్దోన్ని నేనుండంగ నువ్వెట్ల మొదలువెడ్తవ్?" అనేవాడు.

నేను డాబా ఎక్కి, చాక్‌పీసు పట్టుకుని, నాతో నేనే ఆడి, ఒక రోజంతా నా చేతిలో నేనే ఓడిపోయాను. రెండో రోజు విసుగెత్తి ముప్పై ఒకటి మీద కూర్చుని వెనక్కి నడిచాను. ముప్పై ఒకటి నాదవ్వాలంటే నేను ఇరవై ఏడు దగ్గర ఆగాలి. ఆయన ఒకటంటే నేను మూడు, ఆయన రెండంటే నేనూ రెండు, ఆయన మూడంటే నేను ఒకటి, ఎటూ నాలుగు నింపేస్తాను. ఇరవై ఏడు కావాలంటే ఇరవై మూడు దగ్గర ఆగాలి. అలా పంతొమ్మిది, పదిహేను, పదకొండు, ఏడు, మూడు. డాబా మీద చిందులేశాను. సగం చిందులో కాలు గాల్లో ఉండగానే బోధపడింది: ముందు మొదలుపెట్టేవాడు మూడు అనేస్తే ఆట అక్కడితో సరి! పెద్దనాయన వెనక నుంచి లెక్క కట్టలేదు, ఏళ్ల తరబడి ఆడీ ఆడీ ఆయన నాలుకే దారి కనిపెట్టింది.

శనివారం దాకా దిగులుతో అన్నం సహించలేదు (నాలుగు రొట్టెలతో సరిపెట్టుకున్నాను). ఆ సాయంత్రం దుకాణంలోంచి ఆయన కొలత వినబడింది: "ఐదు, ఆరు, ఆరున్నొక్కటి..." నేను కూర్చున్నచోటే ఎగిరిపడ్డాను.

ఆదివారం దీపాల వేళ దుకాణం ముందు జనం. హమాలీలు బస్తాలు దించి నిలబడ్డారు, ఆటోలు ఇంజన్లు ఆపాయి. "పెద్దనాయనా, ఒక్క షరతు" అన్నాను. "అంకెను దాని అసలు పేరుతోనే పిలవాలె. మారుపేర్లు చెల్లవు."

"గంతేనా? దానికేం ఫికర్!" అని ఆయన మీసం దువ్వి మొదలుపెట్టాడు. "లాభం..." అని నాలుక కరుచుకుని "ఒకటి, రెండు, మూడు" అన్నాడు.

"అగో, లాభం పొయ్యింది" అంది పెద్దమ్మ.

"నాలుగు" అన్నాను.

"ఐదు, ఆరు..." పెద్దనాయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. వెనక లక్ష్మీదేవి పటం, ముందు వెలిగించిన దీపం, పక్కన నిండు బస్తాలు.

"చెప్పు పెద్దనాయనా, ఇంకొకటి చెప్పొచ్చు."

"నా ఇష్టం! రెండే చెప్త. నువ్వు కానీ!"

సింహంలా గర్జించాను: "ఏడు!"

అంతే. ఆ తర్వాత ఆయన ఎన్నంటే నేను నాలుగుకు నింపుకుంటూ పోయాను. పదకొండు నాది, పదిహేను నాది. ఆయన "పదహారు" అని టక్కున ఆగాడు (పదిహేడులో కూడా ఏడు దాక్కుని ఉంది కదా). పంతొమ్మిది నాది, ఇరవై మూడు నాది, ఇరవై ఏడు నాది. "ముప్పై ఒకటి!" అనగానే హమాలీలు నన్ను భుజాల మీద ఎత్తుకుని చౌరస్తా దాకా ఊరేగించారు.

పెద్దనాయన మాట తప్పే మనిషి కాదు. తెల్లారే నన్ను ఆటో ఎక్కించుకుని హనుమకొండ తీసుకెళ్లి, కాలేజీ గుమస్తాతో "మావోడు నన్నే ఓడగొట్టిండు సార్, జర మంచి సెక్షన్ల వెయ్యిండ్రి" అని గర్వంగా చెప్పాడు.

ఇక ఒట్టు సంగతి. హమాలీలు, ఆటోలు, ఊరేగింపు నేను ఏటా కొంచెం కొంచెం చేర్చుకుంటూ వచ్చినవి. ఆరోజు అక్కడ మేం ముగ్గురమే. సింహగర్జన కూడా కల్పనే. నేనూ ఆ దుకాణంలో పెరిగినవాణ్ణే కదా, ఆ మాట నా గొంతులోనూ అడ్డం పడింది. పెదవులు కదిలాయంతే. పెద్దనాయన నన్ను కాసేపు చూసి "ఇనవడలే. గట్టిగ చెప్పురా, కాలేజికి పోవాల్నా వద్దా?" అన్నాడు. కళ్లు మూసుకుని అరిచాను. తెరిచి చూస్తే ఆయన రెండు చెవులూ మూసుకుని, నవ్వుతున్నాడు.