గురుగ్రహమూ మా పెంటకుప్పా

కేతేపల్లి దగ్గర నేను సైన్సు చెప్పే బడిలో ఒకరోజు ఒక పిల్ల అడిగింది, గురుగ్రహాన్ని నక్షత్రంగా మార్చొచ్చా సార్ అని. కుదరదన్నాను. సూర్యుడిలో ఉన్న వాయువులే దానిలోనూ ఉన్నాయి కానీ బరువు చాలదు. అలాంటివి ఎనభై దాకా ఒక్కటైతే తప్ప లోపల రాజుకునేంత వేడి పుట్టదు.

సాయంత్రం ఇంటికొస్తే బాపు పారతో పెంటకుప్పను తవ్వి చూస్తున్నాడు. కొట్టం నిండా ఎడ్లూ బర్లూ ఉన్న రోజుల్లో ఆ ఎరువు తవ్వితే లోపలి నుంచి పొగలొచ్చేవి, చెయ్యి పెడితే చురుక్కుమనేది. ఇప్పుడున్నది ఒక్క బర్రె. దాని పేడనే రోజూ తెచ్చి అక్కడ పోస్తాడు. నాకు ఒళ్లు మండింది.

"ఎందుకు బాపూ గీ తిప్పలు? అందరు యూరియానే చల్లుతున్నరు గద!"

బాపు మోచేతి దాకా కుప్పలోకి చెయ్యి పెట్టాడు. "ఇంక జర ఆగితే ఉడుకెక్కుతది" అన్నాడు.

నేనూ పెట్టి చూశాను. లోపలంతా చల్లగా ఉంది. బడిలో ఆ పిల్లకు ఠక్కున చెప్పిన జవాబు బాపుకు చెప్పలేకపోయాను.

"ఆగుదాం తియ్" అన్నాను.