ఊఁ అంటే ఒప్పుకున్నట్టేనా

ఆ ఆదివారం పొద్దున పళ్లక్క ఒక రిటైర్డ్ జడ్జీగారి కోసం పై వరస పళ్లు పూర్తి చేసింది. మరీ తెల్లగా, మరీ వరసగా ఉంటే కట్టుడు పళ్లని ఇట్టే పట్టేస్తారు. అందుకని కోరపళ్ల మొదట్లో కాస్త పసుపు అద్ది, ముందు పన్నొకటి వెంట్రుకవాసి పక్కకు తిప్పింది. తర్వాత అదే సన్న కుంచె కడుక్కుని, బొటనవేలంత సేనాని బొమ్మకు మీసాలు దిద్దడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం ఆటలో ఆ సేనాని ఆమె అక్క మొగుడి, అంటే బావగారి పాత్ర. మీసాలు చాలా శ్రద్ధగా దిద్దింది. పడగొట్టాలనుకున్నదాన్ని ముందు బాగా నిలబెట్టాలి మరి.

ఆట ఇది. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర, దానికో బొమ్మ పట్టుకుని, తమ మనిషి ఏం చేస్తాడో చెబుతారు. గోడ దూకగలిగాడా, బాణం తగిలిందా అన్నది పాచికలు తేలుస్తాయి. మిగతాదంతా కథ నడిపేవాళ్ల నోట్లో ఉంటుంది.

ఫోటోలకు ఫ్రేములు కట్టే కొట్టు మీది గదిలో ఆ ఆటను చాలా ఏళ్లు బావగారే నడిపాడు. ఆయన డ్రైవింగ్ స్కూల్లో బండి నేర్పుతాడు. నేర్చుకునేవాడి చేతిలో స్టీరింగు ఉన్నా, ఆయన కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది. ఆట కూడా అలాగే నడిపేవాడు. బల్ల చుట్టూ అందరూ మగవాళ్లే. బొమ్మల డబ్బాలో ఒకే ఒక్క ఆడబొమ్మ, దాని ఒంటి మీద జేబురుమాలుకు సరిపడా గుడ్డ కూడా లేదు. ఆ గదిలోకి అడుగుపెట్టిన మొదటి ఆడపిల్ల పళ్లక్క. అప్పుడామెకు ఇరవై రెండేళ్లు, కట్టుడు పళ్ల ల్యాబులో మైనం కరగబెట్టే పని. ఆ ఆడబొమ్మకు మెడ నుంచి మోకాళ్ల దాకా కవచంలా రంగు వేసుకుని, యోధురాలిని చేసుకుని కూర్చుంది. ఏడాది పాటు ఆ యోధురాలు గోడలు దూకింది, గుర్రాలు తోలింది, ఇద్దరు మగవీరుల్ని వాగులోంచి జుట్టు పట్టి లాగింది.

ఒక రోజు అందరూ దొంగల కోటలో చిక్కుకున్నారు. బావ మంచి కథకుడే, కాదనలేం. "అప్పుడా దొంగల నాయకుడు లేచి... మీసం దువ్వుకుని... మీలో ఒకరు ఇక్కడే ఉండిపోయి మాకు వంట చేసిపెడితే... తక్కిన వాళ్లని వదిలేస్తానని..." అంటూ ఆపి ఆపి చెబుతుంటే, పళ్లక్క కళ్లార్పకుండా వింటూ "ఊఁ" అంది.

"ఊఁ అంది, విన్నారుగా? మా మరదలు ఒప్పుకుంది," అన్నాడు బావ.

"వింటున్నానని ఊఁ అన్నాను బావా."

"ఊఁ అంటే ఊఁ. బల్ల మీద పడ్డ మాట వెనక్కి పోదమ్మా."

బల్ల బల్లంతా నవ్వింది. పాచిక ఎవరూ వెయ్యలేదు. యోధురాలు పొయ్యి దగ్గరికి పోయింది, మగవీరులు దర్జాగా కోట దాటారు. ఆ తర్వాత ఇంట్లో నలుగురు కలిసిన ప్రతిసారీ బావ అడిగేవాడు: "ఏమ్మా మరదలా, దొంగలకి వంటయిందా?" అక్క కూడా నవ్వేది.

పళ్లక్క మళ్లీ ఆ మెట్లెక్కలేదు. ఇలాంటి బల్లల మీద ఇలాగే చేదు తిన్నవాళ్లను ఒక్కొక్కరినే పోగుచేసుకుని, కొన్నేళ్లకు సొంత బల్ల పెట్టుకుంది. నర్సు ఒకామె, చేతికర్ర పట్టుకు నడిచే దర్జీ ఒకాయన, కొరియర్ డెలివరీ చేసే అమ్మాయి. ఆ కొరియర్ ఒకప్పుడు బావ గదిలోనే అబ్బాయి పేరుతో ఆడినది. ఆ పేరు వదిలేసి ఆడపిల్లగా బతకడం మొదలుపెట్టాక అక్కడ ఆమెకు కుర్చీ దొరకలేదు. పళ్లక్క తన బల్లకు పెట్టిన మొదటి నియమం: ఇక్కడ ఊఁ లెక్కలోకి రాదు. ఏ పాత్ర చేతా ఏ పనీ అడక్కుండా చేయించకూడదు. "చేస్తాను" అని నోరు తెరిచి చెబితేనే చేసినట్టు. కథ నడిపేవాళ్లు ఈ నియమం తప్పితే నాలుగు ఆదివారాలు ఆ కుర్చీ వదులుకోవాలి. ఆ శిక్ష కూడా ఆమె పెట్టిందే.

కాలం మారింది. కొత్తగా వచ్చే పిల్లలు బావ గదిలో ఒక పూట కూర్చుని, రెండో పూట కనిపించడం మానేశారు. చివరికి బల్ల దగ్గర ఆయనా, పాచికలూ మిగిలాయి. అక్క ఫోన్ చేసింది.

"ఈయన్ని మీ ఆటలో చేర్చుకోవే. ఆదివారమంతా ఇంట్లో కూర్చుని, నేను కూర తరుగుతుంటే కూడా 'గేరు మార్చు' అంటున్నాడు."

"పంపు," అంది పళ్లక్క. అంత త్వరగా ఒప్పుకుంటుందని అక్క అనుకోలేదు.

మొదటి రోజే బావ కొరియర్‌ను చూసి, "ఏరా, నువ్వా," అన్నాడు.

"రా కాదండీ. కొరియర్ అనండి, లేకపోతే అమ్మాయ్ అనండి. రెండూ పలుకుతాను."

"అబ్బో, ఇప్పుడు పిలవడానికీ లైసెన్సు కావాలన్నమాట."

"మీరే ఇప్పిస్తారుగా అందరికీ, లెర్నింగు లైసెన్సుతో మొదలుపెట్టండి," అన్నాడు దర్జీ.

పళ్లక్క నవ్వలేదు, తొందరపడలేదు. బల్ల నియమాలన్నీ ఆయనకు ఒప్పజెప్పింది. రెండు ఆదివారాలు ఆయన ప్రతి మాటకూ అడ్డొస్తూ, "నేనైతే ఇలా నడిపేవాణ్ణి కాదు," అంటూనే ఉన్నాడు. అడ్డొచ్చేవాడు ఊఁ అనడు. వినేవాడే అంటాడు. అందుకని ఆమె వారమంతా మైనం చెక్కుతూ కథ కూడా చెక్కింది. మూడో ఆదివారం, అంటే జడ్జీగారి పళ్లు పూర్తయిన రోజున, సేనానిని పడవెక్కించింది. పొగమంచులో నది, నది మధ్య కోట, కోట గుమ్మంలో ఒక ముసలి రాణి. బావ ముందుకు వంగాడు. టీ చల్లారిపోయినా చూసుకోలేదు.

"ఆ రాణి దీపం పైకెత్తి... సేనాని మొహంలోకి చూసి... మా వంటశాలలో అంట్లు తోమే మనిషి పోయి ఏడాదైంది, ఒకరిక్కడ ఉండిపోతే... తక్కిన వాళ్లకి దారి ఇస్తానని..."

"ఊఁ," అన్నాడు బావ.

"సేనాని ఒప్పుకున్నాడు," అంది పళ్లక్క. మీసాల బొమ్మను రెండు వేళ్లతో ఎత్తి, కోట వెనక గదిలో బోర్లా పెట్టింది. "తలుపు పడింది. మిగిలినవాళ్లు పడవెక్కండి."

ఎవరూ కదల్లేదు.

"నేను వింటున్నానని ఊఁ అన్నాను," అన్నాడు బావ. మొహం కందగడ్డలా అయింది. "ఇదేం అన్యాయం. సేనాని చేత అంట్లా."

"ఊఁ అంటే ఊఁ బావా. బల్ల మీద పడ్డ మాట వెనక్కి పోదు."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. దొంగల వంట గురించి వేళాకోళం ఇన్నేళ్లు చేశాడు కానీ, అది ఎక్కడ పుట్టిందో మర్చిపోయాడు. ఆయన మొహంలో అది మెల్లగా గుర్తుకు రావడం పళ్లక్క చూసింది. కళ్లు పక్కకు తిప్పుకోలేదు.

"అంత చిన్న ఆట సంగతి ఇన్నాళ్లు మనసులో పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాను. ఎంత చిన్నదో అద్దంలో మీ మొహం చూసుకోండి, తెలుస్తుంది."

నర్సు గొంతు సవరించుకుంది. దర్జీ కర్ర వంక చూశాడు. చివరికి నోరు విప్పింది కొరియర్.

"అక్కా, ఆయన చేస్తాను అనలేదు. మన బల్ల మీద ఊఁ చెల్లదు."

"ఈయన్నా నువ్వు వెనకేసుకొచ్చేది?"

"ఈయన్ని కాదక్కా. రేపు నేను ఊఁ అంటాను, అప్పుడు?"

పళ్లక్క సేనానిని వెనక గదిలోంచి తీసి పడవలో నిలబెట్టింది. కుర్చీలోంచి లేచి, పాచికల గిన్నె కొరియర్ ముందుకు జరిపింది. శిక్ష సంగతి ఆమెకు తెలియక కాదు. మీసాలు దిద్దుతున్నప్పుడే తెలుసు.

మర్నాడు అక్క ఫోన్. "ఏం చేశావే ఆయన్ని? రాత్రి కంచం ముందు కూర్చుని, తినకుండా లేచిపోయాడు. ఏమిటంటే చెప్పడు."

"ఏం లేదక్కా. ఆడుకున్నాం."

"క్షమాపణ అడగరాదూ, పెద్దవాడు."

"ఆయన అడిగాక చూద్దాంలే," అని పళ్లక్క ఫోన్ పెట్టేసి పళ్ల అచ్చు చల్లారిందో లేదో తడిమి చూసింది.

తర్వాతి ఆదివారం బావ వస్తాడని ఎవరూ అనుకోలేదు. వచ్చాడు. క్షమాపణ ఏమీ చెప్పలేదు. మరదలి పక్కన కాకుండా నర్సు అవతల కూర్చున్నాడు. కథ నడిపింది కొరియర్. బావ ఒక్కో మాటకూ పెదవులు బిగబట్టుకుని, ఏదైనా అడిగితే "చేస్తాను", "చెయ్యను" అని కోర్టు బోనులో సాక్షిలా చెప్పాడు. పళ్లక్క ఆ పూటంతా పాచికల కంటే ఎక్కువగా ఆ పెదవులనే చూసింది. కథ నడిపే కుర్చీకి దూరంగా ఒక ఆదివారం గడిచింది. ఇంకా మూడున్నాయి. ఆమెకు అదేమీ ఎక్కువనిపించలేదు.